పలనాటి చాటువులు: బాటసారి సాక్ష్యము

ఆంధ్రదేశమునఁ జాటుపద్యముల నెఱుఁగని యక్షరాస్యుఁ డరుదు. అందును శ్రీనాథునిపేరఁ బరఁగు పలనాటి చాటువులు పండితుల నాలుకలమీఁదను బామరుల నాలుకలమీఁదను సమానముగా నాడుచున్నవి. చాటువన నెట్టిదో తెలుపఁబూనిన యుపాధ్యాయుఁడు తఱచుగా నుదాహరించున వివియే. విని విద్యార్థులు నవ్వుదురు. ఆ నవ్వువారిలోఁ బలనాటి పిల్లలును గొందఱుందురు. వారును నవ్వుదురు గాని, తమ యూరి ఱాళ్ళను, దమ యింటి జొన్నకూటిని, దమ యేటినీటిని మహాకవి యొకఁడు వెక్కిరించి పోయెనని వారి మనస్సున నొక ముల్లు నాటుకొనును. ఆ ముల్లు నాటవలసినదేనా యనునది యీ వ్యాసమున విచార్యము.

చాటువును విమర్శించుటకు రెండు మార్గములు గలవు. గ్రంథముల నడుమఁ గూర్చుండి కర్తృత్వమును, బాఠములను, ఛందస్సును బరిశీలించుట యొకటి. ఆ చాటువు పుట్టిన బాటను దన కాలిసత్తువతోఁ బోయి చూచుట రెండవది. మొదటిదానిని మనవారు కొంతకుఁ గొంత చేసిరి. రెండవదానిని జేసినవా రరుదు. కారులోఁ గూర్చుండి నరసారావుపేటనుండి మాచెర్లకుఁ బోవువానికి ఱాయి తగులదు, దాహము తెలియదు, ఏటవాలు కనఁబడదు. నడచి పోవుద మన్న సెలవులు చాలవు. ఈ రెంటి నడుమ సైకిలు కలదు. అది మోయువాని శ్రమచేతనే కదలును. నడకకంటె మూఁడింత లధికముగాఁ బోవును. ఎచ్చటఁ గోరిన నచ్చట నిలుచును. 1817లో జర్మనీ దేశమునఁ గార్ల్ డ్రైస్ అనునతఁడు కాళ్ళతో నేలను దన్నుచు నడపు కొయ్యబండిని గల్పించెను. 1885లో స్టార్లీ నిర్మించిన వాహనమునకు నేఁటి రూపము వచ్చెను. 1888లో డన్లప్ గాలిటైరును జేర్చెను. 1923లో బొంబాయి పారసీ యువకులు కొందఱు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు వెడలఁగా, వారిలో ముగ్గురు 1928లో యాత్ర ముగించి స్వదేశమునకుఁ దిరిగి వచ్చిరి. అట్టి దూరయాత్రలతో మనకుఁ బనిలేదు. కొండవీటినుండి శ్రీశైలమువఱకు మన పత్తిచేలను, మిరపచేలను, నల్లమలను దాఁటు బాట చాలును.

ముందుగాఁ గర్తృత్వమును గూర్చి యొక మాట. ఈ చాటువులు శ్రీనాథుని కావ్యములలో లేవు. అవి జనుల నోళ్ళలో నిలిచి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిలోఁ జాటువులఁ గూర్చి మనకు మహోపకార మొనర్చిరి. కాని సంకలనములోఁ జేరినంతమాత్రమునఁ గర్తృత్వము సిద్ధింపదు. వినుకొండ వల్లభరాయని పేరఁ గల క్రీడాభిరామమును శ్రీనాథునిదని కొందఱును, గాదని కొందఱును వాదించిన సంగతి చదువరు లెఱుఁగుదురు. అట్టిచో నాలుగు పాదముల చాటువునకు నిశ్చయము కలుగుట యింకను గష్టము. అయినను లోపలి సాక్ష్య మొకటి గమనింపఁదగును. ఈ చాటువులలో జొన్న గలదు, సజ్జ గలదు, పత్తియేకు గలదు; మిరపకాయ లేదు. మిరప యమెరికాఖండమునఁ బుట్టి, పోర్చుగీసువారి యోడలవెంట 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. శ్రీనాథుఁ డంతకుముందే గతించెను. గుంటూరిసీమపై నేఁడు చాటువు చెప్పఁబూనిన కవి మిరపను విడుచుట దుర్ఘటము. మిరప లేకుండుట చాటువు శ్రీనాథునిదే యనుటకుఁ జాలదు. కాని యది యా కాలమునకు విరుద్ధము కాదనుటకు మాత్రము చాలును. మిరప పేరున్న పాఠ మెచ్చటనైనఁ గానఁబడినచో నది కల్పితమని వెంటనే త్రోసివేయవచ్చును.

ఇఁక విషయమునకు వత్తము. ముఖ్యములైనవి మూఁడు. ఒకటి యాటవెలఁది. అందుఁ జిఱుఱాలు, క్షుద్రదేవతలు, నాగులేటి జలము, నాపఱాతి పలకలు, జొన్నసజ్జల యన్నము, పాములు, వృశ్చికములు వరుసగా వచ్చును. రెండవది కందము. అందు రసికుఁడైనవాఁ డా సీమకుఁ బోఁడనియు, రంభయైనను నచ్చట నూలు వడకవలసినదే యనియు, ఱేఁడైనను నాఁగలి పట్టవలసినదే యనియు, మన్మథునికైనను జొన్నయన్నమే గతి యనియు భావము. మూఁడవదియుఁ గందమే. అందు శివుని నుద్దేశించి, బిచ్చమెత్తువానికి నిద్దఱు భార్య లేల, గంగను విడిచిపెట్టుమని కవి యడుగును. దాహార్తుఁడై పలనాటఁ దిరుగుచు శ్రీనాథుఁ డిట్లు పలికెనని జనశ్రుతి.

ఆటవెలఁదిని మఱల మఱలఁ జదివి చూడుఁడు. అం దొక్క క్రియాపద మైనను లేదు. అన్నియు నామవాచకములే. ఒక్కొక్క వస్తువు వచ్చి తగిలి పోవుచుండును. పదాంతమున నొకే ద్విత్వాక్షరము మఱలమఱల మ్రోగుచుండును. గతుకులబాటపై సైకిలు తొక్కినవాని కా మ్రోఁత పరిచితము. కావ్యవర్ణనమునకు నిది యత్యంతవిరుద్ధము. అష్టాదశవర్ణనములలోని పర్వతమునకు శిఖరము లుండును, గుహ లుండును, సిద్ధకిన్నరు లుందురు. దానిని జూచు కన్ను గలదు గాని, యెక్కు కాలు లేదు. ఈ చాటువులోని ఱాయి కాలికిఁ దగిలినది. కూడు నోటికిఁ దగిలినది. నీరు గొంతున దిగినది. తేలు పడుకకడ భయపెట్టినది. ఒక సీమను గవి తన దేహముతోఁ దెలిసికొనిన పద్య మిది. దీనిని గేవలము పరిహాసమని ప్రక్కకు నెట్టుట చాటువునకే యపచారము. యాత్రావాఙ్మయమునకు మన భాషలో నిట్టి పద్యములే బీజములు.

ఈ మాటను రెండు గ్రంథములతోఁ బోల్చి చూతము. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రములోని పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికులు కాలినడకను బోవుదురు. అచ్చటఁ గష్టము గలదు. కాని యది భక్తిచేఁ బుణ్యముగా మాఱును. ఱాయి తగిలిన యాత్రికుఁడు ఱాతిని నిందింపఁడు, శివుని దలఁచును. ఇఁక ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీని జెన్నపట్టణమున బయలుదేఱి, ఆత్మకూరిమీఁదుగా శ్రీశైలమును సేవించి, కాశికిఁ బోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మఱల నిల్లు చేరెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చుపడెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మఱలఁ బ్రకటించిరి. ఆయన వ్రాఁత నిర్దుష్టము. ఏ మజిలీ యెన్ని యామడలో, బాట యిసుకయో ఱాతినేలయో, ఏ యూరఁ గావలసిన వస్తువులు దొరకునో యన్నియు నందుఁ గలవు. కాని యాయన పల్లకిలోఁ బోయెను. కనుమ యెక్కిన కాళ్ళు బోయీలవి. కనుమను వర్ణించిన కలము ప్రభువుది. కాఁబట్టి యా గ్రంథమున దూరము కొలఁదిగాఁ దెలియును గాని యాయాసము తెలియదు. సోమనాథునికడ నాయాసము గలదు, ఫిర్యాదు లేదు. వీరాస్వామయ్యకడ లెక్క గలదు, ఆయాసము లేదు. ఆయాసమును ఫిర్యాదును గూడఁ గలది పలనాటి చాటువు. ఇది దాని మొదటి గుణము.

దాని దోషమును జూచుటకు బాట పట్టవలెను. గుంటూరునుండి కొండవీడు చేరి, నరసారావుపేట, కారెంపూఁడి, మాచెర్ల, యెఱ్ఱగొండపాలెము, పెద్దదోర్నాల మీఁదుగా శ్రీశైలము చేరు త్రోవ యీ పరీక్షకుఁ దగినది. పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారియై శ్రీనాథుఁడు నిలిచినది యీ కొండవీటియందే. కొండపై దుర్గమునకు నేఁడు ఘాటుబాట గలదు. సైకిలువాఁడు కొంత తొక్కి, కొంత దిగి నెట్టుకొని పోవలెను. పై నుండి చూచినఁ బడమట నల్లరేగడిచేలు పఱచుకొని యుండును. పలనాడు శ్రీనాథునికి దూరదేశము కాదు, పొరుగుసీమ. కావున నెఱుఁగనివాఁడు పలికిన మాట యని యాతనిని క్షమింపఁ బనిలేదు. ఎఱిఁగియు నట్లేల పలికె ననునదే ప్రశ్నము.

మొదట ఱాళ్ళు. కారెంపూఁడి దాఁటిన పిదప నాపఱాయి యెల్లెడలఁ గనఁబడును. ఇండ్ల గోడలు, కప్పులు, అరుగులు, దొడ్లు సమస్తమును నాపఱాతివే. ఎండవేళ నా నేలపై సైకిలు తొక్కువానికి వేఁడి మోమునఁ గొట్టును. చాటువు చెప్పిన వస్తువు సత్యము. అయితే యా ఱా యేమి ఱాయి? అమరావతీస్తూపముపై బుద్ధచరితమును, నాగార్జునకొండపై నిక్ష్వాకుల శిల్పమును జెక్కినది యీ పలనాటి సున్నపుఱాతియందే. శిల్పచరిత్రకారులు పలనాటి ఱాయి యని దానికిఁ బేరు పెట్టిరి. లండనులోని బ్రిటిషు మ్యూజియమునందు నేఁడు జనులు చూచుచున్న యమరావతీశిల్పము లిట్టి ఱాళ్ళే. శ్రీనాథుని కాలమున కా శిల్పములు మఱుఁగుపడి యుండెను. ఆయన చూచినది చెక్కని ఱాయి. అది కవి తప్పు కాదు. కాని నేఁడు బడిలోఁ బద్యము చెప్పు పంతులు ఱాళ్ళు అని నవ్వించి, యా ఱాళ్ళే యమరావతి యయ్యెనని చెప్పకపోయినచోఁ దప్పు పంతులుది.

ఈ సందర్భమున బడిపంతులకు గర్వకారణమైన యొక సంగతి గలదు. నాగార్జునకొండ స్థలమును లోకమునకుఁ దెలిపినది దొరలు కారు. మాచెర్లకుఁ జెందిన సూరపరాజు వేంకటరామయ్య యను నుపాధ్యాయుఁ డచ్చటఁ బ్రాచీనస్తంభమును జూచి ప్రభుత్వమున కెఱిఁగించెను. 1926లో శాసనశాఖ సహాయకులు రంగస్వామి సరస్వతిగారు పోయి పరిశీలించిరి. 1927నుండి లాంగ్‌హర్‌స్టు త్రవ్వకములు జరిపెను. పలువురు బాటసారులకు ఱాయిగా మిగిలినది యొక బడిపంతులకు స్తంభముగాఁ గనఁబడెను. చూపునకుఁ బాండిత్యముతోడి సావధానత చేరినప్పుడు ఱాయి మాటలాడును.

రెండవది క్షుద్రదేవతలు. కారెంపూఁడియొద్ద నాగులేటియొడ్డున 12వ శతాబ్దమునఁ బలనాటియుద్ధము జరిగెను. అచ్చట వీరులగుడి గలదు. ఏఁటేఁటఁ గార్తికమాసమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేళ్ళతో నైదు దినము లారాధనము జరుగును. వీరుల యాయుధములను బూజింతురు. బ్రహ్మనాయఁడు కులభేదము లేక యందఱ నొక్కచోఁ గుడిపిన చాపకూటి స్మృతి యచ్చట నేఁటికిని జీవించియున్నది. చాటువు చిన్నచేసి చెప్పిన దేవతలలో వీరును జేరినచో, నిచ్చట నొక వింత బయటపడును. వీరుల కథను మాచెర్ల చెన్నకేశవుని పేర ద్విపదగా రచించినవాఁడును శ్రీనాథుఁడే యని సంప్రదాయము. క్రీడాభిరామమునందును బలనాటివీరుల కథ నోరుగల్లున గానము చేయుట వర్ణింపఁబడినది. ఆ కాలమున నీ వీరుల కీర్తి యెంత దూరము ప్రాఁకెనో దీనిచేఁ దెలియును. ఒకే కవి యొక నోటఁ జిల్లరదేవతలని నవ్వి, వేఱొక నోట వారిని గీర్తించెనా?

దీనికి మూఁడు సమాధానములు చెప్పవచ్చును. రెంటిలో నొకటి శ్రీనాథునిది కాదనుట మొదటిది. అందుకుఁ బ్రమాణము చాలదు. నిందించి పిదపఁ బశ్చాత్తప్తుఁడై కావ్యము వ్రాసెననుట రెండవది, అది కట్టుకథ. మాకుఁ దోఁచునది మూఁడవది. చాటువు బాటలోఁ బలికినది, కావ్యము నిలిచి పలికినది. బాటసారికి గుడి యొక ఱాతికుప్ప. నిలిచి కథ విన్నవానికి నదియే మహాభారతము. కావున రెంటికిని విరోధము లేదు. స్థితిభేదము మాత్రము గలదు. ఇది కర్తృత్వముపై నాధారపడిన సిద్ధాంతము కాదు. కర్త లిరువురైనను బాటసారిమాటయు వాసిమాటయు ననెడి భేద మట్లే నిలుచును.

మూఁడవది తిండియుఁ బనియు. ఆటవెలఁదిలోఁ గ్రియ లేదంటిమి. కందములోఁ గ్రియలే ప్రధానము: వడకుట, దున్నుట, కుడుచుట. ఆటవెలఁదిఁ జెప్పినవాఁడు వస్తువులను జూచెను. కందముఁ జెప్పినవాఁడు మనుష్యులను జూచెను. ఆ మనుష్యు లందఱును బనిచేయుచున్నారు. పనిచేయనివాఁ డా సీమలో లేఁడని నవ్వుచున్న కవికిఁ దెలియకయే పద్యము సాక్ష్యమిచ్చుచున్నది. ఆస్థానమున నూలు వడకుట రంభకు లజ్జాకరము. దున్నుట రాజునకు లజ్జాకరము. ఆ లజ్జ యాస్థానముది, పలనాటిది కాదు. 1921వ సంవత్సరమున రాట్నము దేశమంతటఁ బూజ్య మయ్యెను. ఆ దినములలోనే పలనాటి రైతు లడవిలోఁ బశువుల మేఁతకుఁ బుల్లరి కట్టమని సత్యాగ్రహము సాగించిరి. 1922లో మించాలపాటఁ గన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ తరమువారి చెవికి నూలు వడకు రంభ పరిహాసపాత్రము గాదు. శబ్దము మాఱలేదు, విలువ మాఱినది. పద్యమును బోధించువాఁ డీ మార్పును జెప్పక విడిచినచోఁ బద్యము సగమే బోధింపఁబడినట్లు.

సైకిలుపైఁ బోవువానికి నేఁడును బనిచేయనివాఁ డీ సీమలోఁ గానరాఁడు. మాఘఫాల్గునములందు మిరప కోఁతకు వచ్చును. చేలగట్టున నేలను జదునుచేసి కల్లము పట్టి కాయ లారఁబోయుదురు. దూరమునుండి యెఱ్ఱని తివాసివలెఁ గనఁబడును. దగ్గఱకుఁ బోయిన ఘాటునకుఁ దుమ్ములు వచ్చును. స్త్రీలు మోమునకు గుడ్డ కట్టుకొని కాయలనుండి తాలు నేఱుచుందురు. తాలనఁగా ధాన్యమునఁ బొల్లుగింజ యని మన మెఱుఁగుదుము. ఇచ్చట రంగు విఱిగి తెల్లవాఱిన మిరపకాయకు నా పేరు వచ్చినది. బస్తా యిచ్చట టిక్కి. ఆ టిక్కులు గుంటూరి మిరపయార్డునకుఁ బోవును. పత్తియు నట్లే మాఱినది. ఒకప్పుడు కోకనాడ యను వ్యాపారనామమునఁ బేరొందిన నాటుపత్తి యీ ప్రాంతమునఁ బండెడిది. 2002లో బీటీ పత్తికి దేశమున ననుమతి వచ్చినపిదపఁ జేల స్వరూపమే మాఱెను. రంభ వడకిన యేకు నేఁటి పత్తిది కాదు. వాన కురిసిన దినమున రేగడిబాటపై సైకిలును దింపినవానికి మాత్ర మొక ప్రాచీనసత్యము తెలియును: మన్ను చక్రమునకుఁ బట్టి, చక్రము తిరుగక, వాహనమును వాహకుఁడే మోయవలసివచ్చును. ఆ మన్ను శ్రీనాథుని కాలముననుండియు నదియే.

నాలుగవది జలము. ఇది చాటువునకుఁ బ్రాణము. గంగను విడువుమని శివుని వేఁడిన పద్యము నవ్వుపద్యముగాఁ జెల్లినను, దాని క్రిందఁ గఱవు గలదు. పలనాట వాఁగులు గలవు గాని వేసవికి నిలుచునవి తక్కువ. మాచెర్ల ప్రక్కఁ జంద్రవంక సుమారు 70 అడుగుల యెత్తునుండి యెత్తిపోతలగా దుముకును. ఆ నీరు లోయలోఁ గృష్ణను గలియును. పై నున్న మెట్టకుఁ గృష్ణ కన్నులకుఁ గనఁబడియు నోటి కందనిది. 1955 డిసెంబరు 10వ తేదీని నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లోఁ గాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ గట్టున సైకిలు నిలిపి చూచువానికిఁ జాటువులోని ప్రార్థన ఫలించినట్లు తోఁచును. కాని యా గంగ యూరక రాలేదు. ఇక్ష్వాకుల రాజధాని యున్న లోయ మునిఁగెను. 1954నుండి 1960వఱకుఁ ద్రవ్వి తీసిన కట్టడములు కొన్నిఁటిని గొండపైకిఁ దరలించి నిలిపిరి. నేఁ డది ద్వీపము. అంతేకాక కాలువ యందిన చేలకును, బోరునే నమ్మిన చేలకును భేద మొక దినపుఁ బ్రయాణములోనే తెలియును. యెఱ్ఱగొండపాలెము మొదలు మార్కాపురమువఱకుఁ గల మెట్టసీమలో నీటియెద్దడి వదలలేదు. బడిపిల్లలకుఁ బలక లిచ్చిన మార్కాపురమున కింకను జాలినంత నీరు దొరకలేదనుట విచారకరము. కావునఁ జాటువును గతించిన చరిత్రమనుటయుఁ గూడదు. నేఁటి వర్ణనమనుటయుఁ గూడదు. ఎచ్చటఁ గాలువ నిలిచెనో యచ్చటినుండి చాటువు మఱల మొదలగును.

పెద్దదోర్నాల దాఁటిన పిదప నల్లమల. శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్లు. 1983లోఁ బులుల సంరక్షణప్రణాళికలోఁ జేరిన యడవి యిది. రాత్రివేళ వాహనములను ద్వారమునొద్దనే నిలుపుదురు. కావున సైకిలువాఁడు తెల్లవాఱిన పిదపనే బయలుదేఱి, చీఁకటికి ముందే గమ్యము చేరునట్లు లెక్క చూచుకొనవలెను. మలుపు వెంట మలుపుగా నెక్కుచుఁ బోవఁగా శిఖరేశ్వరము వచ్చును. శ్రీశైలశిఖరమును జూచినఁ బునర్జన్మము లేదను విశ్వాసమునకు స్థాన మిదియే. చెంచుగూడెము లీ యడవిలోఁ గలవు. మైదానపువాఁడు భయపడు పాములును దేళ్ళును వారికి నిత్యము పొరుగువారు. చాటువులో భయకారణములుగా వచ్చినవి యిచ్చట జీవితములో భాగములు. సోమనాథుని యాత్రికులును, వీరాస్వామయ్య బోయీలును వేర్వేఱు దిక్కులనుండి యెక్కిన కొండ యిదియే. సైకిలువాఁడు వారిలో మొదటివారికిఁ జుట్టము, రెండవవారికిఁ దోడు. పల్లకిలోనివానికి మాత్రము కాఁడు.

ఇచ్చట నాక్షేపములు రాఁగలవు. చాటువు నవ్వుట కేర్పడినది, దానిని దూనికఱాళ్ళతో దూఁచుట యరసికత యని కొంద ఱనవచ్చును. నవ్వును నవ్వుగా విడుచుటకు మాకును సమ్మతమే. కాని పాఠ్యపుస్తకమునఁ జేరి, యొక సీమకు శాశ్వతవిశేషణమై కూర్చున్న నవ్వు నవ్వుగా మిగులలేదు, భూగోళమైనది. భూగోళమైనదానిని భూమిపైఁ బరీక్షింపవలెను.

15వ శతాబ్దపుఁ బద్యమునకు నేఁటి బాట సాక్ష్య మెట్లగునని వేఱొక యాక్షేపము. మాఱినవియు మాఱనివియు వేఱుచేయుటయే దానికి సమాధానము. మిరప వచ్చినది, కాలువ వచ్చినది, తారుబాట వచ్చినది. నాపఱాయి, రేగడి, యెండ, యేటవాలు, నాగులేటి త్రోవ మాఱలేదు. మాఱనివానిపైఁ జాటువు సత్యము పలికెను. మాఱినవానిపై దానికి మాటలేదు. కేవలపఠనమున నీ విభాగము దొరకదు.

సైకిలువాఁడును బాటసారియే కదా, శ్రీనాథుని దోష మితనికి మాత్ర మేల రాదని మూఁడవ యాక్షేపము. ఇది బలమైనది. బాటసారిత్వము కాలిలో లేదు, తొందరలోఁ గలదు. సైకిలెక్కియు మైలుఱాళ్ళు లెక్కించుచుఁ బోవువాఁడు మఱొక యాటవెలఁది చెప్పుకొని పోవును. దాని మందు దిగుటయే. సైకిలున కొక సుగుణము గలదు: చక్రము పంచరగును, దాహమగును, ఎక్కుడు వచ్చును, దిగక తప్పదు. దిగినవాఁ డరుగుపైఁ గూర్చుండును, మంచినీ ళ్ళడుగును, ఎవ్వరి యూరని యడిగించుకొనును. అప్పుడే తాలు, కల్లము, టిక్కి యను మాటలు చెవిని బడును. వీరులగుడి కథ వినఁబడును. నామవాచకములమాలికకుఁ గ్రియాపదము లప్పుడు చేరును.

కావున నిర్ణయ మిది. పలనాటి చాటువులు వస్తువులయందు సత్యములు, తీర్పునం దసంపూర్ణములు. కవిత్వమునం దవి తక్కువవి కావు. దేహానుభవమును బద్యము చేయుటలోఁ గావ్యవర్ణనములకంటె ముందడుగు వేసినవి. వానిని బాఠశాలనుండి తొలఁగింపఁ బనిలేదు. కాని యొంటరిగాఁ జెప్పరాదు. ఆటవెలఁది ప్రక్కఁ గందమును, రెంటి ప్రక్క వీరచరిత్రమును జెప్పవలెను. ఱాతిప్రక్క నమరావతిని, దాహముప్రక్కఁ గాలువను జూపవలెను. అట్లు చెప్పినచోఁ బలనాటి విద్యార్థి నవ్వు నిజమైన నవ్వగును.

ఈ చాటువులకు బాపట్లవైపున నొకపాఠమును, మాచెర్లవైపున నొకపాఠమును వాడుకలో నుండవచ్చును. ఆయా యూళ్ళ యుపాధ్యాయులు తీఱికవేళ సైకిలెక్కి, తమ మండలపు వృద్ధులనోట నున్న పాఠములను, వానితోఁ జేరిన కథలను యథాతథముగా వ్రాసి యీ పత్రికకుఁ బంపినచో, రాఁబోవు సంచికలందుఁ బోల్చి ప్రకటింపవచ్చును. సూరపరాజు వేంకటరామయ్య యొక స్తంభమును జూచి యొక రాజధానిని దెచ్చియిచ్చెను. పలనాటి యుపాధ్యాయులు పద్యముల విషయమున నంతపని చేయఁగలరని మా నమ్మకము.